దుర్యోధనుణ్ణి సిమెంటుతో కట్టొద్దు: మా ఊరి భారతం కమిటీకి బహిరంగ లేఖ

ధర్మరాజులస్వామి గుడి భారతం కమిటీ పెద్దలకు, ఈ ఏడు కొత్తగా కమిటీలో చేరిన తమ్ముళ్లకు నమస్కారం.

మొన్న రాత్రి డ్యూటీ దిగి రూముకొచ్చి ఫోను చూస్తే ఊరి వాట్సాప్ గ్రూపులో మీ తీర్మానం కనిపించింది. గుడి వెనక మైదానంలో 40 అడుగుల దుర్యోధనుణ్ణి సిమెంటుతో శాశ్వతంగా కట్టిస్తామని, ఏటేటా మన్నుతో చేసే తిప్పలు ఇకమీదట ఉండవని, విరాళమిచ్చిన వాళ్ల పేర్లు పాలరాతి మీద చెక్కిస్తామని రాశారు. కింద వరసగా దండాల బొమ్మలు. నేను మాత్రం ఏమీ పెట్టలేదు. గ్రూపులో రాస్తే రెండు నిమిషాల్లో గుడ్ మార్నింగుల కింద కొట్టుకుపోతుంది, పైగా ఎవరో ఒకరు అలిగి గ్రూపులోంచి వెళ్లిపోతారు, మళ్లీ వాళ్లను చేర్చడానికి ఇంకో పంచాయితీ. అందుకని అందరూ చదివేట్టు ఇలా రాస్తున్నాను.

తిరుపతిలో ఉద్యోగం చేసుకుంటూ, భారతానికి రెండు రోజులొచ్చి, చందా ఫోన్‌లో పంపేవాడికి మాట్లాడే హక్కేముందని మీరు అడగొచ్చు. న్యాయమే. ఎండలో నిలబడి పందిరి వేసేది మీరు, నాటకం వాళ్లకు అన్నం పెట్టేది మీరు, కరెంటు పోతే తిట్లు తినేదీ మీరే. కానీ ఆ దుర్యోధనుడి ఎడమ కాలు మీద నాకు కొంచెం హక్కుంది. పదేళ్ల వయసు నుంచి ఆ కాలికి మన్ను మోసినవాణ్ణి.

మన ఊరు కానివాళ్లు కూడా చదువుతారు కాబట్టి రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. చిత్తూరు వైపు చాలా ఊళ్లలో ధర్మరాజుల గుళ్లుంటాయి, లోపల ద్రౌపదమ్మ. ఎండాకాలంలో ధ్వజారోహణం చేసి భారతం మొదలుపెడతారు. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. నడుమ బకాసురుడికి బండి కడతారు, ద్రౌపదమ్మకు కల్యాణం చేస్తారు. అర్జునుడి వేషం కట్టినాయన ఆకాశమంత తపస్సు మాను మీదికి పాటలు పాడుకుంటా ఎక్కుతాడు, కింద పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో కాచుకుని ఉంటారు, పైనుంచి ఆయన విసిరే నిమ్మకాయ, విభూతి కోసం. చివర్లో ఒక పొద్దున నేల మీద వెల్లకిలా పడుకున్న పెద్ద మట్టి దుర్యోధనుడి దగ్గర వధ, సాయంత్రం నిప్పుల గుండం, మరుసటి రోజు ధర్మరాజుకు పట్టాభిషేకం. ఇదంతా చదివి ఏదో జాతర అనుకునేవాళ్లు ఒకసారి వచ్చి చూడండి, రాత్రి రెండు గంటలకు కూడా ముసలోళ్లు కునుకు తీయకుండా కూర్చుని ఉంటారు, నాటకంలో పద్యం తప్పిపోతే కింద నుంచి అందిస్తారు.

మీ కారణాలు నాకు తెలుసు. చెరువు మన్ను ఇదివరకటిలా దొరకడం లేదు, ట్రాక్టరు బాడుగ పెరిగింది, బొమ్మ చేసే పెద్దాయనకు మోకాళ్లు పనిచేయడం లేదు, ఆయన కొడుకు బెంగళూరులో ఉన్నాడు. దాని మీద పోయినసారి వధకు ముందురోజు రాత్రి గాలివాన కొట్టి దుర్యోధనుడి ముక్కు, ఒక మీసం, కిరీటం సగం కారిపోయాయి. పొద్దున్నే భీముడు బురదలో జారిపడ్డాడు. పిల్లలు వీడియో తీసి పెడితే పక్క ఊరోళ్లు నవ్వారు. అవమానంగా ఉండింది, కాదనను. ఆ టెన్షన్ మళ్లీ వద్దని మీరు అనుకోవడంలో తప్పులేదు.

కానీ ఒక సంగతి ఆలోచించండి. సిమెంటు దుర్యోధనుణ్ణి భీముడు ఎట్లా చంపుతాడు?

ఈ ప్రశ్న ఫోన్ చేసి అడిగితే మన కమిటీలో ఒకాయన చాలా తేలిగ్గా చెప్పాడు, తొడ దగ్గర గుంట వదిలేస్తారంట, అందులో కుంకుమ నీళ్ల కుండ పెట్టి పైన మూత వేస్తారంట, వధ రోజు మూత మీద కొడితే చాలంట. ఏడాదికోసారి మూత మారిస్తే సరిపోతుందంట. నేను నవ్వాపుకోలేక ఫోన్ పెట్టేశాను, కోపం తెచ్చుకోవద్దని చెప్పండి. తొడకు తలుపు పెట్టిన దుర్యోధనుణ్ణి వ్యాసుడు కూడా ఊహించలేదు.

నవ్వు తగ్గాక మాత్రం బాధేసింది. ఎందుకంటే ఆ తొడ కథ అంత తేలికైంది కాదు.

గాంధారి కథ మన హరికథ భాగవతార్ ఏటా చెబుతాడు, మీ అందరికీ నోటికొచ్చు. కళ్లగంతలు విప్పి కొడుకు ఒళ్లంతా ఒక్కసారి చూస్తుంది, ఆ చూపు పడినచోటల్లా వజ్రమవుతుంది, సిగ్గుపడి అడ్డం కట్టుకున్నచోట మాత్రం మామూలు మాంసమే మిగిలిపోతుంది. ఇది జనం చెప్పుకునే కథ. వ్యాసభారతం అరణ్యపర్వంలో ఇంకో ముచ్చట ఉంది, నాకైతే అదే ఇంకా ఇష్టం. గంధర్వుల చేతిలో చిక్కి, పాండవుల దయతో బయటపడి, ఆ అవమానం తట్టుకోలేక దుర్యోధనుడు అన్నం మానేసి చచ్చిపోతానని కూర్చుంటాడు. అప్పుడు దానవులు అతన్ని పాతాళానికి తీసుకుపోయి ధైర్యం చెబుతూ పుట్టుక రహస్యం చెబుతారు: మేము తపస్సు చేసి నిన్ను శివుడి దగ్గర సంపాదించుకున్నాం, నీ నడుము పైభాగం వజ్రాలతో చేశారు, కింది భాగం పార్వతీదేవి పూలతో చేసింది, అని. పూలతో! లోకమంతా తిట్టుకునే మనిషికి నడుము కింద అమ్మవారు స్వయంగా అల్లిన పూలు. ఆయుధం తగలని ఛాతీ ఉన్నా వాడు పడిపోయేది ఆ పూల దగ్గరే. ఈ ముక్క చదివిన రోజు నేను బస్సులో ఉన్నాను, దిగాల్సిన స్టాపు దాటిపోయాను.

ఇప్పుడు మీరు పైనా కిందా తేడా లేకుండా సిమెంటు పోస్తామంటున్నారు. గాంధారి వదిలేసిన చోటు, పార్వతమ్మ పూలు పెట్టిన చోటు కూడా గట్టిపడిపోతుంది. చావలేని దుర్యోధనుణ్ణి కట్టిస్తున్నారు మీరు. దానవులు తపస్సు చేసినా వాళ్లకు దొరకని వరం అది.

ఇంకోటి. మన్ను ఎక్కడి నుంచి తెస్తాం? చెరువులోంచి. ఊరి చుట్టూ అంత మన్ను ఉండగా చెరువు దాకా ఎందుకు పోవాలని చిన్నప్పుడు మా తాతనడిగితే, ఒండ్రు మన్ను అయితే పగలదురా అన్నాడు, అంతే. అది పనివాడి మాట, నిజమే. చాలా ఏళ్ల తర్వాత శల్యపర్వం వచనంలో చదువుతుంటే తట్టింది. సైన్యమంతా చచ్చాక దుర్యోధనుడు ఎక్కడ దాక్కున్నాడు? మడుగులో. నీళ్లను మాయతో గడ్డకట్టించి అడుగున పడుకున్నాడు. పాండవులు గట్టు మీద నిలబడి నానా మాటలూ అంటే అప్పుడు లేచి బయటికొచ్చాడు. మనం ఏటా చేస్తున్నదీ అదే కదబ్బా! చెరువు అడుగునుంచి వాణ్ణి గంపల్లో, ట్రాక్టర్లలో బయటికి తెస్తున్నాం. మా తాతకు ఈ సంగతి తెలుసో తెలీదో నాకు తెలీదు. ఇలాంటివి తెలిసి చేసేవాళ్లకంటే తెలియకుండా చేతుల్తో చేసేవాళ్ల దగ్గరే ఎక్కువ భద్రంగా ఉంటాయని నా అనుమానం.

సిమెంటు మాత్రం షాపులోంచి వస్తుంది, బస్తాల్లో.

బొమ్మ చేసే రోజులు మన కొత్త తమ్ముళ్లలో కొందరు సరిగ్గా చూసుండరు, అందుకే చెబుతున్నాను. ఎండాకాలం కాబట్టి చెరువు మన్ను పెళ్లలు పెళ్లలుగా ఉంటుంది. ముందురోజే తెచ్చి నీళ్లు కొట్టి తొక్కాలి. బొమ్మ చేసే పెద్దాయన నేల మీద ముగ్గుపిండితో గీత గీస్తాడు, తల ఇక్కడ, కాళ్లు ఇక్కడ, చేతులు ఇక్కడ, గద ఇక్కడ. ఆ గీత లోపలికి మనం మన్ను పోస్తూపోవాలి. సాయంత్రానికి ఒక గుట్ట మనిషిలా కనబడ్డం మొదలవుతుంది. పొట్ట లేస్తుంది, మోకాళ్లు లేస్తాయి. పిల్లకాయలు చెవుల్లోంచి ఎక్కి ముక్కు మీద కూర్చుంటారు. మరుసటి రోజు సున్నం, రంగులు, మీసాలు. అందరికంటే చివర్లో కళ్లు. కళ్లు వేసేటప్పుడు పెద్దాయన ఎవ్వర్నీ మీద నిలబడనివ్వడు. అప్పటిదాకా తలమీద చెప్పుల్తో తిరిగినవాళ్లు కూడా కళ్లు తెరిచాక చెప్పులు విప్పి దూరం జరుగుతారు. ఎవరూ చెప్పకుండానే.

మా జేజి, అంటే మా అవ్వ, అయితే కళ్లు పెట్టిన వెంటనే వచ్చి దుర్యోధనుడికి దండం పెట్టేది. రేపు చంపబోయేవాడికి దండమేందని నేను అడిగాను. నాకప్పుడు పదకొండో పన్నెండో. ఆమె అంది: "వాడూ మనోడే గదరా. గాంధారమ్మ కొడుకు."

అప్పట్లో నాకు కోపమొచ్చింది, జేజికి కథ తెలీదనుకున్నాను. చదువుకున్నాక తెలిసింది, కథ ఆమెకే సరిగ్గా తెలుసని. వ్యాసుడి కథలో భీముడు తొడ విరగ్గొట్టి, ఆ కోపంలో పడున్నవాడి తలను కాలితో తంతాడు. అప్పుడు ఆపేది ఎవరు? ధర్మరాజు. రాజురా, చుట్టంరా, కాలు పెట్టొద్దు అంటాడు. నాభికి కింద కొట్టడం గదాయుద్ధం పద్ధతి కాదని బలరాముడు నాగలెత్తుకుని లేస్తాడు. గెలిచినవాళ్ల మొహాల్లో సంతోషం లేని గెలుపు అది. అన్నిటికంటే చివర, స్వర్గారోహణపర్వంలో, ధర్మరాజు స్వర్గంలో అడుగుపెట్టగానే ముందు కనబడేది దుర్యోధనుడే, సింహాసనం మీద సూర్యుడిలా వెలిగిపోతుంటాడు. ధర్మరాజుకు కూడా మండిపోతుంది. మన గుడి ధర్మరాజు గుడి, గుర్తుపెట్టుకోండి. ఆయన గుడి వెనకే తమ్ముణ్ణి శాశ్వతంగా వెల్లకిలా పడేసి, తొడకు మూత పెట్టి, ఏడాది పొడుగునా కాకులు రెట్టలు వేస్తుంటే చూస్తా కూర్చుంటారా? మనది వధ, నిజమే. వధ ఒక పూట. మిగిలిన రోజులు వాణ్ణి అలా ఉంచడం శిక్ష. అంత శిక్ష వ్యాసుడు కూడా వేయలేదు.

ఏం జరుగుతుందో నాకు ఇప్పుడే కనబడుతోంది. మొదటి నెల సెల్ఫీలు. తర్వాత మీసం మీద ఎన్నికల పోస్టరు. ఛాతీ మీద మందుబాటిళ్లు. రంగు పెచ్చులూడితే మళ్లీ చందా.

ఇక మీ తీర్మానంలో రెండోది, బోర్డు. పక్కన పెద్ద ఫ్లెక్సీ పెట్టి భారతం అంతరార్థం రాయిస్తామన్నారు, మచ్చు కూడా పంపారు: పంచపాండవులంటే పంచేంద్రియాలు, ద్రౌపది కుండలిని, కృష్ణుడు ఆత్మ, దుర్యోధనుడు అహంకారం, కౌరవులు వంద దుర్గుణాలు. నేను రాత్రి కూర్చుని దుర్గుణాలు లెక్కపెట్టాను తమ్ముళ్లూ, ముప్పై దాటాక నాకు కొత్తవి దొరకలేదు. మిగిలిన డెబ్భై మీరే కనిపెట్టాలి.

వెటకారం కాదు. అంతరార్థం వద్దనేవాణ్ణి కాదు నేను. ఆదిపర్వంలోనే ఉంది, కొందరు భారతాన్ని మనువు దగ్గర మొదలుపెట్టి చదువుతారు, కొందరు పాముల యాగం ఆపిన ఆస్తీకుడి దగ్గర, కొందరు ఉపరిచరుడనే రాజు దగ్గర అని. మధ్వాచార్యులవారు ఆ మాట పట్టుకుని అవి మూడు మొదళ్లు కాదు, మూడు అంతస్తుల అర్థాలు అన్నారు. మన నన్నయగారు ఇంకా సులువుగా చెప్పారు: ధర్మం తెలిసినవాళ్లు దీన్ని ధర్మశాస్త్రమంటారు, అధ్యాత్మం తెలిసినవాళ్లు వేదాంతమంటారు, నీతి తెలిసినవాళ్లు నీతిశాస్త్రమంటారు, కవులు కావ్యమంటారు, ఇలా ఒక్కొక్కరికి ఒక్కొక్కటని. ఆయన ఆ వరసలో ఎవర్నీ కొట్టేయలేదు చూడండి. మీ బోర్డు చేసేది ఆ కొట్టేసే పని. ఇది ఇదే, అది అదే అని సమానం గుర్తు పెడుతుంది. గుర్తు పెట్టాక ఇక చూడాల్సింది ఏముంది? అహంకారం అని రాసుంటే చదివేవాడు బోర్డు చదివి, అవును అహంకారం చెడ్డది అనుకుని, వేరుశనక్కాయలు కొనుక్కుని పోతాడు. మా జేజి చూసినట్టు ఆ కళ్లలోకి చూడడు.

పైగా మన ఊళ్లో భారతం దేని గురించో బోర్డు పెట్టి చెప్పాల్నా? పాలివాళ్ల తగాదా గురించి, దాయాదుల గొడవ. మా తాతకూ వాళ్ల చిన్నాన్న కొడుక్కూ బావి నీళ్ల వంతు మీద చిత్తూరు కోర్టులో ఎన్ని వాయిదాలు నడిచాయో మీలో పెద్దవాళ్లకు తెలుసు. పందొమ్మిదేళ్లు మాటల్లేవు. ఒకరి ఇంట్లో చావైతే ఇంకొకరు వీధి చివర నిలబడి వెనక్కి పోయారు. అట్లాంటిది దుర్యోధనుడి ఎడమకాలు ఇద్దరిదీ. ఎవరు అట్లా వంతు పెట్టారో తెలీదు, బహుశా ఎవడో తుంటరి పెద్దమనిషి కావాలనే పెట్టుంటాడు. తాత తొడ నుంచి మోకాలి దాకా, ఆయన మోకాలి నుంచి పాదం దాకా. ఒకరి మొహం ఒకరు చూడకుండా, మోకాలి చిప్ప దగ్గర ఇద్దరి చేతులూ ఒకే మన్నులో పెట్టి అదిమేవాళ్లు. ఆ మోకాలు ఎప్పుడూ కొంచెం వంకరగానే వచ్చేది. నేను మన్ను అందించేవాణ్ణి. తర్వాత వాళ్లు కలిసిపోయారని చెబితే కథ బాగుంటుంది, కలవలేదు. కేసు తేలకముందే ఇద్దరూ పోయారు. కానీ ఏడాదికొకసారి తమ దుర్యోధనుణ్ణి తామే చేసుకుని, తామే నిలబడి వాడి తొడ పగలడం చూసేవాళ్లు. పగిలేటప్పుడు మా తాత తల దించుకోవడం నేను చూశాను. అంతరార్థం అని మీరు అంటున్నది బహుశా ఆ తల దించుకోవడంలో ఎక్కడో ఉంది, దాన్ని ఫ్లెక్సీ మీద ఎట్లా రాయిస్తారు?

భగవద్గీత మొదటి మాటే ధర్మక్షేత్రే కురుక్షేత్రే. పదమూడో అధ్యాయంలో కృష్ణుడు ఈ శరీరాన్నే క్షేత్రమంటారు అంటాడు. చదువుకున్నవాళ్లం మనం క్షేత్రమంటే తిరుపతి, కాళహస్తి అనుకుంటాం. క్షేత్రమంటే ముందు చేను. దున్నేవాడికి ఈ మాట విడమరచాల్సిన పని లేదు. వధ అయిపోయాక ఏం చేస్తాం మనం? నిమిషంలో జనం మీదపడి దుర్యోధనుణ్ణి పెకలించేస్తారు. ఒక్కొక్కరు ఒక్కొక్క పెళ్ల. మా జేజి తెచ్చిన పెళ్లలో సగం విత్తనాల కుండలో వేసేది, సగం చెనక్కాయ చేనులో నాలుగు మూలలా చల్లేది. అంత చెడ్డవాడి మన్ను చేనులో వేస్తే పంట పండుతుందా అని అడగాలని నాకు తోచలేదు. చెరువులోంచి వచ్చినవాడు మళ్లీ చేలల్లోకే పోయేవాడు. వానొస్తే చేలోంచి మళ్లీ చెరువుకు. మళ్లీ ఏడాదికి లేచేవాడు. మీ కురుక్షేత్రం బోర్డు కంటే ఈ తిరుగుడు నాకు ఎక్కువ అర్థమవుతుంది. సిమెంటు వేస్తే ఇది తెగిపోతుంది. రేపు వధ అయ్యాక ఇంటికి ఏం తీసుకుపోవాలి, మూత ముక్కలా?

ద్రౌపదమ్మ సంగతి కూడా చెప్పాలి. జుట్టు విరబోసుకుని వచ్చి, దుర్యోధనుడి తొడలోంచి వచ్చే ఆ ఎర్రనీళ్లు జుట్టుకు పూసుకుని, పూలు పెట్టి ముడేసుకుంటుంది కదా, దాని కోసమే ఆడవాళ్లందరూ పొద్దున నాలుగింటి నుంచి కాచుకుంటారు. ఈ జుట్టు శపథం వ్యాసుడిలో ఇట్లా లేదు, సంస్కృతంలో వేణీసంహారం అనే నాటకం దీని చుట్టూనే నడుస్తుంది, మన నాటకం వాళ్ల దగ్గర వాళ్ల సొంత పద్ధతి ఉంది. పుస్తకంలో లేదు కాబట్టి తీసేద్దామని ఎవరైనా అంటారేమోనని ముందే చెబుతున్నాను. అట్లాగే తొడ మీద కొట్టమని భీముడికి తన తొడ చరిచి సైగ చేసింది శల్యపర్వంలో అర్జునుడు, మన వీధినాటకంలో కృష్ణుడు. మార్చమని ఎవరూ అడగలేదు, అడగొద్దు కూడా. అమ్మవారు ముడేసుకున్న ఆ క్షణంలో మా ఊరి ఆడవాళ్లు వేసే కేక విన్నవాడికి ఏది ముందు ఏది వెనక అనే లెక్క గుర్తుండదు.

మనం రాతికి వ్యతిరేకం కాదు. గుడిమల్లం పోయి చూడండి, ఏర్పేడు దగ్గరే, ఒక గంట పని. రెండు వేల ఏళ్లు దాటిన లింగం, ఐదడుగుల ఎత్తు, ముందువైపు ఒక వేటగాడిలాంటి మనిషి, చేతిలో పొట్టేలు, ఇంకో చేతిలో చిన్న చెంబు, భుజం మీద గొడ్డలి, కాళ్ల కింద పొట్టి యక్షుడు. చరిత్ర చదివినవాళ్లు శివుడంటారు, ఆ ఊరివాళ్లు పరశురాముడు, కింద చిత్రసేనుడనే యక్షుడు అని కథ చెబుతారు. రాయి ఇద్దరి మాటా వింటుంది, ఎవరితోనూ తగాదా పడదు. కాణిపాకంలో వినాయకుడు ఏటేటా పెరుగుతున్నాడని, పాత కవచం ఇప్పుడు పట్టడం లేదని చెబుతారు. ఆ రాళ్లు ఉండాల్సినవి. ఉన్నాయి. అదే తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చివర విశ్వరూపం ఎట్లా చేస్తారో తెలుసు కదా, మన్నుతో. అంత పెద్ద అమ్మవారు, గోవిందుడి చెల్లెలని పుట్టింటి సారె వచ్చే ఆమె, తెల్లవారేసరికి చెంప తీసేస్తే ఆ మన్ను కోసం జనం తోసుకుంటారు. నేను కూడా తోసుకున్నాను, చొక్కా చిరిగింది. డబ్బు లేక వాళ్లు మన్నుతో చేస్తున్నారా? తిరుపతిలో సిమెంటు దొరకదా?

నాదొక సందేహం కూడా ఉంది, దాచుకోను. సిమెంటు అయితే మనం చేతులు కడుక్కోవచ్చు. వాడు అక్కడ, మనం ఇక్కడ. ఏటా మన్ను తొక్కేటప్పుడు ఆ వెసులుబాటు ఉండదు, గోళ్లలో వారం రోజులు దుర్యోధనుడు ఉంటాడు.

ఊరికే వద్దని చెప్పి తప్పుకుంటే కమిటీలో ఉన్న మామ నన్ను వదలడు, కాబట్టి చేయగలిగింది చెబుతాను. భారతాన్ని 18 రోజుల నుంచి తగ్గిస్తామంటున్నారు కదా, నాటకం వాళ్ల కూలి, రాత్రి కరెంటు, అన్నీ నాకు తెలుసు, తగ్గించండి, నేను గొడవ పడను, తపస్సు మాను మాత్రం ఉంచండి, దాని కింద కూర్చునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చెరువు మన్ను కోసం కాగితం ఇవ్వాల్సి వస్తే నేను రాసిపెడతాను, ఆఫీసుల చుట్టూ తిరిగే పని కూడా నాదే. రెండు ట్రాక్టర్ల బాడుగ నేను భరిస్తాను. వాన భయానికి పెద్ద టార్పాలిన్లు బాడుగకు తెద్దాం, పందిరి కర్రలు ఎట్లాగూ ఉన్నాయి. అయినా ముక్కు కారిపోతే కారిపోనీండి, పోయినసారి ఆ కారిన మొహం చూసి మా అమ్మ ఏడ్చిందంటే మీరు నమ్మరు, నిజంగా చచ్చేవాడిలా ఉన్నాడంది.

బొమ్మ చేసే పెద్దాయనతో నేను మాట్లాడాను. మోకాళ్లు వంగవు కానీ కుర్చీ వేస్తే పక్కన కూర్చుని చెబుతానన్నాడు. ముగ్గు గీత గీసేది మాత్రం తనే గీస్తాడంట, కర్రకు కొబ్బరిచిప్ప కట్టి, చిప్పకు చిల్లు పెట్టి, నిలబడే గీస్తానన్నాడు. నేర్చుకోవడానికి నలుగురు పిల్లకాయలు కావాలి. ఇద్దరు దొరికారు, ఒకడు ఇంటరు ఫెయిలైనవాడు, ఇంకొకడు మా తాతతో కేసు నడిపినాయన మునిమనవడు. వాడికి ఫోన్ చేసి అడిగాను, కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత, ఎడమకాలేనా అన్నా, అన్నాడు.

ఆదివారం మీటింగుకు పొద్దున ఆరింటి బస్సుకు వస్తున్నాను. అప్పటిదాకా సిమెంటు మేస్త్రీకి అడ్వాన్సు మాత్రం ఇవ్వొద్దు.

మీ ఊరివాడు,
ఎడమకాలికి మన్ను మోసినవాడు
తిరుపతి